గోడ అవతలి ఊఁ

ఇలా దగ్గరికి జరగండి. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతుంది. ఈ పీట మీద కూర్చుని గోడకి ఆనుకోండి, చల్లగా ఉంటుంది. మీరేం మాట్లాడక్కర్లేదు. మధ్యమధ్యలో ఊఁ అంటే చాలు. ఊఁ అనేవాళ్ళు లేకపోతే నాకు మాట సాగదు. అదొక జబ్బు. ఆ జబ్బు సంగతే చెప్పబోతున్నా.

మాది భవానీపురంలో లోపలి వీధి. ఇక్కణ్ణుంచి కృష్ణ కనపడదు గానీ తెల్లవారుజామున గాలి మారితే వాసన తెలుస్తుంది. మా ఇల్లూ పక్కిల్లూ ఒకప్పుడు ఒకటే ఇల్లట. అన్నదమ్ములు పంచుకుని మధ్యలో పలచటి గోడ లేపారు. ఇటువైపు గరిటె జారితే అటువైపు ఉలిక్కిపడాలి, అంత పలచన. ఇటు సగం మేం కొనుక్కున్నాం. అటు సగం అద్దెలకి నడుస్తుంది. వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు.

మా ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఫిట్టరుగా చేశారు. పగలంతా మిషన్ల హోరులో ఉండి వచ్చేవారేమో, ఇంటికొచ్చాక ఆయనకి మాట ఖర్చుపెట్టడం ఇష్టముండేది కాదు. ఇదిగో, ఈ గోడకి ఆనుకునే కూర్చుని కాఫీ తాగేవారు. నేను చెప్పుకుపోయేదాన్ని. పాలవాడు నీళ్ళు కలిపిన సంగతి, మా ఆడపడుచు అన్న మాట, బస్సులో ఎవరో ఎవర్నో తిట్టిన సంగతి. ఆయన ఊఁ అనేవారు. కాపురం మొత్తం మీద ఆయన నాతో ఎక్కువసార్లు అన్న మాట అదే. అందులో మళ్ళీ రకాలు. పొట్టి ఊఁ అంటే విన్నానని. సాగదీసిన ఊఁ అంటే నువ్వు చెప్పింది నమ్మనని. ముక్కుతో అన్న ఊఁ అంటే ఇక చాల్లే, అన్నం పెట్టమని.

పోయేముందు ఆసుపత్రిలో ఒక మాటన్నారు. "నేను పోయాక బొట్టు తీయకు. బొట్టు లేకపోతే పైనుంచి చూస్తే నువ్వెవరో గుర్తుపట్టలేను." జోకు వేశారో నిజంగానే అన్నారో ఇప్పటికీ తెలియదు. నేను తీయలేదు. మా వాళ్ళలో పెద్దాళ్ళు గొణిగారు. గొణగనీ అనుకున్నా. అద్దం ముందు నిలబడి స్టిక్కరు పెట్టుకునేటప్పుడల్లా, సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసుకుంటా, పైనుంచి చూసే మనిషికి కనపడాలిగా.

పిల్లలు దూరమేం లేరు. అబ్బాయి ఇబ్రహీంపట్నంలోనే ఉంటాడు, అమ్మాయి గుడివాడలో. వస్తూ పోతూ ఉంటారు, వచ్చి ఉండమంటారు. నేను ఈ గోడ వదిలి వెళ్ళలేకపోయాను. ఎందుకంటే పొద్దున్నే నాకొక పని ఉంది. లేవగానే డికాక్షన్ తీసి, రెండు గ్లాసుల్లో కాఫీ కలిపి, చల్లార్చి, రెండూ ఇక్కడ పెడతా. కూర్చుని, "ఏవండీ, వింటున్నారా?" అంటా. మాకు మొగుణ్ణి పేరుపెట్టి పిలిచే అలవాటు లేదు కదా, ఉన్నన్నాళ్ళూ ఏవండీయే, పోయాకా ఏవండీయే. నిన్న జరిగిందంతా చెప్పేస్తా. చెప్పడం అయ్యాక నా కాఫీ తాగి, ఆయన కాఫీ కూడా నేనే తాగి, గ్లాసులు కడిగి బోర్లిస్తా. ఆ తర్వాతే నాకు కాళ్ళు చేతులు ఆడతాయి. అది లేకపోతే రోజంతా దారం తెగిన పూసల్లా ఉంటుంది.

వానలు వెనకపట్టాక పక్కింట్లోకి కొత్తవాళ్ళు దిగారు. పెడన నుంచి సామాను వచ్చింది. సామానులో పొడుగ్గా ఒక బల్ల ఉంది, పెళ్ళిభోజనాల బల్ల కంటే పొడుగు. గుమ్మంలోంచి పట్టక, పెరటి గోడ మీదుగా నలుగురు మోసి దించారు. ముస్లిములు. ఇంటాయన గవర్నర్‌పేటలో బట్టల కొట్లో పనిచేస్తాడు, పొద్దున్నే సిటీ బస్సెక్కితే చీకటి పడ్డాకే రావడం. ఆవిడ నలభై దాటిన మనిషి. తల మీద కొంగు జారనివ్వదు, వీధిలోకి పెద్దగా రాదు. పెరట్లో బట్టలారేసేటప్పుడు ఒకళ్ళనొకళ్ళం చూసుకుని తలూపుకునేవాళ్ళం. అంతే.

వాళ్ళొచ్చిన కొన్నాళ్ళకి తెల్లవారకముందే చప్పుడు మొదలైంది. డబ్. కాసేపాగి మళ్ళీ డబ్. చెయ్యెత్తి ఏదో మెత్తటి దాని మీద గుద్దినట్టు. దానికి తోడు ఒక పుల్లటి వాసన, పెరటి వైపు నుంచి. నేను మా ఆయనకి చెప్పుకున్నా. "ఏవండీ, పక్కింటి వాళ్ళు పొద్దున్నే ఖైమా కొడుతున్నారండీ. ఇంత పొద్దున్నే ఖైమా ఏం తింటారు? ఈ వాసన చూస్తే సారా కాస్తున్నట్టుంది. వాళ్ళు తాగరంటారు కదా, మరి ఎవరికి కాస్తున్నట్టు?" ఆయన ఊఁ అన్నట్టే అనిపించింది, పొట్టి ఊఁ.

తెలియని వాళ్ళ గురించి మనకెంత తెలుసో చూడండి. ఆవిడ మొహం సరిగ్గా చూడలేదు, గొంతు వినలేదు, అయినా ఏం వండుతుందో, ఏం తాగుతుందో, ఎందుకు తలవంచుకుని నడుస్తుందో అన్నీ నాకు తెలిసిపోయాయి. మొగుడికి మాత్రం కాఫీలో పంచదార ఎంత కావాలో పెళ్ళయిన పదేళ్ళకి గానీ తెలియలేదు. అప్పటిదాకా ఎక్కువ వేస్తున్నా ఆ మహానుభావుడు ఊఁ అనే తాగాడు.

ఒకరోజు మధ్యాహ్నం పెరట్లో చింతపండు పిక్కలు తీస్తున్నా. గోడ మీదుగా ఒక స్టీలు క్యారియర్ గిన్నె వచ్చింది, దాని వెనకాల ఆవిడ మొహం.

"పిన్నిగారూ, ఇది తీసుకోండి. సగ్గుబియ్యం జావ. మాంసం గిన్నెలో కాచింది కాదండీ, పాలగిన్నెలో కాచా."

"ఎందుకమ్మా, ఇప్పుడు నాకు?"

"మీకు కాదండీ, బాబాయిగారికి. మెత్తగా ఉంటది, మింగటానికి తేలిక. మా మామగారు మంచంలో ఉన్నప్పుడు ఇదే పట్టేదాన్ని. పాపం, ఎన్నాళ్ళబట్టి ఉన్నారండీ అలా?"

నా చేతికి చింతపండు అంటుకుని ఉంది. మోచేతుల మధ్య పెట్టుకుని గిన్నె అందుకున్నా. "చాన్నాళ్ళయిందమ్మా," అన్నా. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆవిడ తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

లోపలికొచ్చి గిన్నె ముందేసుకుని కూర్చున్నా. అప్పుడు తలకెక్కింది. గోడ ఇటు నుంచి నేను వింటున్నట్టే, అటు నుంచి ఆవిడా వింటోంది. ఏవండీ అని పిలవడం వింది. రెండు గ్లాసుల చప్పుడు వింది. పెరట్లో నా నుదుటి మీద బొట్టు చూసింది. ఇక అనుమానం ఏముంటుంది? ఇంట్లో మంచంపట్టిన మొగుడున్నాడు, బయటికి రాలేడు, నోట మాట లేదు. ఏ ఆడదైనా అలాగే అనుకుంటుంది. నేనైనా అలాగే అనుకుందును.

జావ నేనే తిన్నా, నిలబడి. ఏలకులు వేసింది. తీపి కాస్త తక్కువైంది.

మర్నాడు పొద్దున రెండు గ్లాసులూ పెట్టా. "ఏవండీ," అన్నా. అంతే, గొంతు అక్కడే ఆగింది. గోడ వైపు చూశా. ఆవిడ వింటూ ఉంటుంది. ఇన్నాళ్ళూ అది గోడ. ఆ రోజు నుంచీ అదొక మనిషి. గుసగుసగా చెబుదామని చూశా, సిగ్గేసింది. సొంత మొగుడితో దొంగతనంగా మాట్లాడటమేంటి? స్నానాలగదిలోకి వెళ్ళి పంపు తిప్పి, నీళ్ళ హోరులో చెబుదామని చూశా. చీపురుకి చెప్పినట్టుంది తప్ప ఆయనకి చెప్పినట్టు లేదు. డాబా ఎక్కా. ఎదురు డాబా మీద ఎవరో వడియాలు పెడుతున్నారు.

కాలుకాలిన పిల్లిలా తిరిగాను. వంటింట్లోంచి వీధిగుమ్మానికి, వీధిగుమ్మంలోంచి పెరట్లోకి. కూర మాడింది. పాలు పొంగాయి. కాఫీ రెండు గ్లాసులూ తొరక కట్టేవి.

ఒకరోజు ఏటి ఒడ్డుకి వెళ్ళా. అక్కడ ఎంతమంది తమలో తాము మాట్లాడుకుంటూ తిరుగుతున్నారో. చెవుల్లో ఏవో పెట్టుకుని నవ్వుతారు, కోప్పడతారు, చెయ్యి ఊపుతారు, ఎవరూ వింతగా చూడరు. ఇదే మేలనుకుని ఒక మెట్టు మీద కూర్చుని, "ఏవండీ, వింటున్నారా," అన్నా. పక్కన నడిచే ఒకావిడ, "ఆంటీ, సిగ్నల్ ఇక్కడ సరిగ్గా ఉండదు, కొంచెం ఇటు రండి," అంది. లేచి వచ్చేశా.

ఇంకోరోజు బస్సెక్కి ఇబ్రహీంపట్నం పోయా. అబ్బాయింటికి కాదు, వాడికి చెప్పను కూడా చెప్పలేదు. ఆయన డ్యూటీ దిగి వచ్చే దారిలో నిలబడ్డా. పెద్ద గొట్టాల్లోంచి పొగ పోతోంది. షిఫ్టు దిగినవాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని బండ్ల మీద పోతున్నారు. ఒకతను ఆపి, "ఎవరికోసమమ్మా?" అన్నాడు. ఎవరికోసమని చెప్పను? ఎవరికోసమూ కాదు నాయనా, బస్సుకోసం అన్నా. ఆ మాట కూడా అబద్ధం కాలేదు, తర్వాతి బస్సెక్కి వచ్చేశా.

నాకు భయం పట్టుకుంది. ఆయన పోయిన రోజున పోయింది మనిషే. మాట మిగిలింది. ఇప్పుడు ఆ మాట కూడా పోతుందా? జావగిన్నె ఒకటి గోడ దాటి వచ్చినందుకు?

అలా ఎన్నాళ్ళు గడిచాయో. ఒక పొద్దున వీధి తలుపు కొట్టారు. తీస్తే ఆవిడ. మొహం పీక్కుపోయి ఉంది, కొంగు రెండుచేతులా పట్టుకుని నిలబడింది.

"పిన్నిగారూ, బాబాయిగారికి ఎలా ఉందండీ? నా దగ్గర దాచకండి. ఇన్నాళ్ళ నుంచీ మీ గొంతు వినపట్టంలా. నేను మా ఆయనతో అంటూనే ఉన్నా, ఆ ఇంట్లో ఏదో అయిందని. ఆసుపత్రికి తీసుకెళ్ళాలా? ఇవాళ ఆయన కొట్టుకి వెళ్ళలేదండీ, ఆటో తెస్తాడు."

సందు చివర నిజంగానే వాళ్ళాయన ఆటోవాడితో మాట్లాడుతున్నాడు.

"ముందు నువ్వు లోపలికి రా అమ్మాయ్," అన్నా.

వచ్చింది. మంచం కోసం వెతికాయి ఆవిడ కళ్ళు. ముందుగదిలో మంచం లేదు. గోడ మీద ఫోటో ఉంది.

"ఇది బాబాయిగారేనా?"

"ఊఁ."

ఆవిడ చూపు దండ మీద ఆగింది. గంధపు చెక్కల దండ అది. ఒక మూల సాలీడు గూడు కట్టింది. నిన్నా మొన్నా వేసిన దండ కాదని ఎవరికైనా తెలుస్తుంది.

"ఎప్పుడండీ?"

"మూడేళ్ళు దాటింది."

ఆవిడ ఇదిగో, మీరు కూర్చున్న పీట మీదే కూలబడింది. ఫోటో చూసింది, నా బొట్టు చూసింది, మళ్ళీ ఫోటో చూసింది.

"మరి జావ?"

"నేనే తిన్నా. బాగుంది."

"రోజూ రెండు గ్లాసులు కాఫీ?"

"రెండూ నేనే."

"రెండు కాఫీలా? ఈ వయసులో? బీపీ పెరుగుద్ది పిన్నిగారూ."

నవ్వొచ్చింది నాకు. ఎన్నాళ్ళకో. ఆవిడ నవ్వలేదు. బయటికెళ్ళి వాళ్ళాయనతో ఏదో చెప్పి ఆటో పంపించేసి మళ్ళీ వచ్చి కూర్చుంది. బొట్టు సంగతి చెప్పా, పైనుంచి చూడటం సంగతి చెప్పా. చెప్తుంటే ఆవిడ తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. ఆ గోళ్ళ నిండా ఎరుపూ నలుపూ ఉన్నాయి, ఎంత తోమినా పోని రంగు.

"ఒకటి అడుగుతా, ఏమనుకోరుగా?" అంది.

"అడుగు."

"మరి ఆయన్ని ఎందుకండీ అన్నేసి తిట్లు తిట్టేవాళ్ళు?"

"తిట్లా? నేనా?"

"రోజూనండీ. చెప్పకుండా పోవటం మీకు అలవాటేగా అంటారు. మీరు హాయిగా పడుకున్నారు, నా పాట్లు నేను పడుతున్నా అంటారు. ఏనాడన్నా నా మాట విన్నారా అంటారు. మంచంలో ఉన్న మనిషిని ఇంతలేసి మాటలంటదేంటి ఈ పెద్దావిడ అనుకునేదాన్ని. ఆయనేమో పాపం ఒక్కటీ తిరిగి అనరు. మా ఆయనతో కూడా చెప్పా. అందుకే జావ కాచానండీ. నిజం చెప్తున్నా, మీ మీద అభిమానంతో కాదు, ఆయన మీద జాలేసి."

మూడేళ్ళుగా నేనేదో ముచ్చట్లు చెబుతున్నాననుకున్నా. కబుర్లనుకున్నా. ప్రేమ అనే అనుకున్నా, ఈ వయసులో ఆ మాట పలకడానికి సిగ్గుగానీ. గోడ అవతల అది రోజూ తిట్లలా వినపడింది. రవికె వీపున చిరిగితే మనకి తెలియదు, వెనక నడిచే మనిషి చెప్పాలి. ఊఁ అనే ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఎలా చెప్తారు? నేనే కదా ఆయన నోట్లో ఊఁ పెట్టింది. నాకు కావలసినప్పుడు పొట్టిగా, నాకు కావలసినప్పుడు పొడుగ్గా.

ఆవిడ నా మొహం చూసి గాభరాపడింది. "తప్పుగా అన్నానా పిన్నిగారూ?"

"లేదమ్మా. నేనూ ఒకటి చెప్పాలి. నువ్వు తెల్లవారుజామున ఖైమా కొడుతున్నావనుకున్నా."

"ఖైమానా?"

"రోజూ డబ్ డబ్ మంటుంటే."

"మాకు పండక్కి, చుట్టం వస్తేనండీ ఖైమా. రోజూ కొట్టటానికి మా ఆయనకి కొట్టుందా, కొట్లో జీతగాడుగానీ?"

"ఆ పుల్లటి వాసన సారా అనుకున్నా."

ఇప్పుడు నవ్వింది ఆవిడ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పీట మీద నుంచి జారేంతగా నవ్వింది. "ఖైమా అయింది, సారా అయింది. ఇంకేం అనుకున్నారండీ మా గురించి? ఉన్నవన్నీ ఇప్పుడే చెప్పేయండి, ఒక్కసారే నవ్వుకుంటా. రోజుకొకటి చెప్తే నాకు పని సాగదు."

చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి లాక్కుపోయింది. నా గోడకి సరిగ్గా అటువైపు, ఆ పొడుగాటి బల్ల. దాని మీద మెత్తగా గోనెలు, కంబళి పరిచి, పైన తెల్లగుడ్డ బిగించి ఉంది. ఆవిడది అద్దకం పని. పెడనలో షెడ్డులో చేసేదట, షెడ్డు మూతపడితే ఇటు వచ్చారట. చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద గీతకి గీత కలిపి పెట్టి, అచ్చు వీపు మీద పిడికిలితో ఒక్కటిస్తుంది. డబ్. అచ్చు లేపితే పువ్వు. ఎండెక్కితే పళ్ళెంలో రంగు చిక్కబడుతుందని చీకటితోనే మొదలెడుతుంది. పెరట్లో కుండలో పాత ఇనపముక్కలు, బెల్లం, నీళ్ళు వేసి పులియబెట్టింది. నలుపు రంగు అందులోంచి వస్తుందట. అదీ నా సారా.

ఆ పూట ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. ఇక అంతా సర్దుకుందనుకున్నా. సర్దుకోలేదు.

మర్నాడు పొద్దున కాఫీలు పెట్టుకుని కూర్చుంటే అటువైపు అచ్చు చప్పుడు లేదు. నేను మాట్లాడుకుంటానని ఆవిడ పని ఆపేసింది. నేను మాట్లాడటం అయ్యాక మొదలెడదామని. నా మాట వినకూడదని టీవీ కూడా పెట్టింది, భక్తి ఛానెలు, వాళ్ళ దేవుడిది కాదు, నా దేవుళ్ళది. నా కోసమని అంత దూరం ఆలోచించింది. ఆ ఖాళీలో నేనేం మాట్లాడను? పరీక్ష గదిలో కూర్చోబెట్టి రాయమన్నట్టుంది. నేను నోరు తెరవను, ఆవిడ చెయ్యెత్తదు. ఎవరు ముందు కదులుతారా అని గోడకి అటొకరు ఇటొకరు. మళ్ళీ తిరుగుడు మొదలైంది నాకు, వంటింటికీ గుమ్మానికీ.

అలా కొన్ని పొద్దులు చూసి, ఇక లాభం లేదని నేనే పెరటి గోడ దగ్గరికెళ్ళి కేకేశా.

"అమ్మాయ్, నీ పని నువ్వు చేసుకో తల్లీ. నువ్వు ఆగితే నాకు నోరు రావట్లేదు."

"మీరు మాట్లాడుతుంటే నాకు చెయ్యి తప్పుద్దండీ," అంది.

"ఇన్నాళ్ళూ తప్పలేదుగా?"

ఆవిడ వాళ్ళ కిటికీ వైపు చూపించింది. కిటికీకి ఎర్రపూల కర్టెను. వరసగా పూలు, ఎక్కడా తేడా లేదు. దగ్గరికెళ్ళి చూస్తే మధ్యలో ఒక పువ్వు వరస దాటి పక్కకి జరిగింది, పక్క పువ్వు మీదికి ఎక్కింది.

"ఒకరోజు మీరు ఆయన్ని తిడుతూ తిడుతూ ఏడ్చారండీ. గుర్తుందా? పంచదార సంగతి చెప్తూ. అచ్చు అప్పుడే పెట్టా, జారింది. ఆ ముక్క కొట్టువాళ్ళు తీసుకోలా. కిటికీకి వేసుకున్నా."

నా ఏడుపు వాళ్ళ కిటికీకి వేలాడుతోంది. నేనెప్పుడు ఏడ్చానో నాకే గుర్తులేదు. ఆవిడ దగ్గర ఉంది.

"తప్పితే తప్పనీలే," అన్నా. "కర్టెన్లకి పనికొస్తాయి."

"ఎన్ని కిటికీలున్నాయండీ మాకు? ఇది అద్దిల్లు."

మర్నాడు పొద్దున అటువైపు బల్ల దగ్గర గాజుల గలగల వినపడింది. నేను కాఫీ చల్లార్చా. "ఏవండీ, వింటున్నారా," అన్నా. గొంతు నాది నాకే కొత్తగా ఉంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, డబ్.

చెప్పడం మొదలెట్టా. ఏటి ఒడ్డున సిగ్నల్ సంగతి. డబ్. ఇబ్రహీంపట్నంలో బస్సు సంగతి. డబ్, డబ్. మాట ఆగినచోట చప్పుడు పడుతోంది. ఆవిడ కావాలని వేస్తోందో, పని తీరే అంతో నేను అడగలేదు. కానీ అది నా చేతిలో ఉన్న ఊఁ కాదు. ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది. ఒక్కోసారి మాట మధ్యలో పడుతుంది. అసలు పడనే పడదు, రంగు కలుపుకోడానికి పోయిందేమో. నేను ఆగి ఎదురుచూడాలి. మా ఆయనతో మాట్లాడిన మూడేళ్ళలో నేను ఎదురుచూసింది ఎప్పుడు?

ఒకరోజు, "ఏనాడన్నా నన్ను మంగినపూడి సముద్రానికి తీసుకెళ్ళారా?" అని మొదలెట్టా. చప్పుడు పడలేదు. గోడ అవతల నుంచి గొంతు వచ్చింది.

"పిన్నిగారూ, ఆ మాట నిన్న కూడా అన్నారండీ."

పోయినాయన ఎన్నడూ అలా అనలేదు. బతికున్నప్పుడూ అనలేదు. నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, కాఫీ పొలమారింది. ఆ రోజు మొదటిసారి అనిపించింది, నేను రోజూ ఏవండీ అని పిలిచి కూర్చోబెట్టుకున్నది ఆయన్నేనా, లేక ఆయన చొక్కా తొడుక్కున్న నన్నేనా అని. నేననుకున్నదే అనే మనిషి నేనే అవుతాను. నేననుకోనిది అనే మనిషే ఇంకో మనిషి. ఉన్నప్పుడు ఆయనా ఇంకో మనిషే. ఆ ఊఁల వెనక నాకు తెలియనివి ఎన్నున్నాయో, ఎక్కువైన పంచదార లాగా, ఎవరికి తెలుసు. అడగాల్సింది. నేను చెప్తూనే ఉండిపోయా.

రెండో గ్లాసు ఆవిడకి ఇద్దామని ఒకసారి గోడ మీదుగా అందించా. వాసన చూసి వెనక్కిచ్చేసింది. "నాకు కాఫీ పడదండీ, కడుపులో మంట. టీ అయితే చెప్పండి, నేనే పెట్టిస్తా." సరే, ఆ గ్లాసు ఆయనదే ఇంకా. పంచదార మాత్రం తగ్గించా.

ఇదంతా మిమ్మల్ని కూర్చోబెట్టి ఇవాళే ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ ఆ చప్పుడు లేదు. పక్కింటికి తాళం. అద్దిన గుడ్డలు ఉతికించడానికని మొగుడూ పెళ్ళాం పెడన వెళ్ళారు. వెళ్ళేముందు ఆవిడ ఒక మాట చెప్పింది. అక్కడ మూతపడ్డ షెడ్డు మళ్ళీ తెరుస్తున్నారట. ఈవిడ చేతి పని తెలిసినవాళ్ళు, వచ్చేయమని అడుగుతున్నారట.

"నువ్వేమన్నావు?" అన్నా.

"చూసొస్తానన్నానండీ."

అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉండమని అనడానికి నేనెవర్ని? వెళ్ళమని అనడానికి నోరు రాదు. అప్పట్నుంచీ నాకు కుదురు లేదు. గుమ్మంలోకి, పెరట్లోకి. తాళం ఉందో లేదో చూసిరావడం. ఆ కిటికీలో కర్టెను అలాగే ఉంది. కర్టెను తీయకుండా ఎవరూ ఇల్లు ఖాళీ చేయరుగా, అని ఒక ధైర్యం. జారిన పువ్వున్న కర్టెను వదిలేసి పోయినా పోతారేమో, అని ఒక భయం.

పోయినాయన ఎక్కడికీ పోడు. ఈ అమ్మాయి పోగలదు. దాని ఊఁకి అంత బరువు అందుకేనేమో.

కాఫీ చల్లారిపోయింది. ఆ రెండో గ్లాసు ఇవాళ మీరు తాగండి, ఆయనేమీ అనుకోరు. ఇంతసేపు ఓపిగ్గా ఊఁ కొట్టారు, మీ పుణ్యాన నాకు ఈ పొద్దు గడిచింది. మీ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉండాలి, మీ పిల్లల కడుపు చల్లగా ఉండాలి. మీరు నోరు తెరిస్తే ఊఁ అనే మనిషి మీ ఇంట ఎప్పుడూ ఉండాలి, ఆ ఊఁ మీరు అనుకున్నచోట పడకపోయినా సరే. మీ గోడలు పలచగా ఉండాలి, అవతల మంచివాళ్ళుండాలి. వెళ్ళేటప్పుడు ఆ తాళం ఒకసారి చూసి చెప్పి వెళ్ళండి నాయనా, తీశారేమో.